జరీ చీటీ

కుసునోసె యసుహిరో మా దీవి చుట్టూ ఉన్న ఎనభై ఎనిమిది గుళ్ళనూ తొంభై తొమ్మిది సార్లు చుట్టి వచ్చాడు. ఈ సంగతి చెప్పకుండా ఎవరి దగ్గరా పది నిమిషాలు కూర్చున్న పాపాన పోలేదు. మందుల షాపుకి మోకాలిపట్టీ కొనడానికి వెళ్ళినా, "తొంభై తొమ్మిది సార్లు ఎక్కిన మెట్లమ్మా, అరగదా మరి" అనేవాడు. అందులో సగం మెట్లు ఎక్కనే లేదనీ, కారు గుడి వెనక దాకా పోతుందనీ ఆ అమ్మాయికీ తెలుసు. అయినా నవ్వి పట్టీ ఇచ్చేది.

ముప్ఫై ఐదేళ్ళు యాత్రికుల బస్సు నడిపాడు. రిటైరయ్యాక సొంత కారులో తిరగడం మొదలుపెట్టాడు. నకమురా ఊళ్ళో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ, అందరికీ "యాత్రాపెద్ద గారు". ఆ బిరుదు యాత్రికుల సంఘం వాళ్ళు ఇచ్చింది. దాని గుర్తుగా మెడలో వేసుకునే ఊదారంగు పట్టీని ఇస్త్రీ చేయించి మరీ వేసుకునేవాడు.

మా షికోకు దీవిలో యాత్రికుడి హోదా చీటీలో ఉంటుంది. పేరు, ఊరు, కోరిక రాసిన చీటీని ప్రతి గుళ్ళోనూ పెట్టెలో వేయాలి. దారిలో ఎవరైనా పండో టీయో ఇస్తే వాళ్ళకీ ఒకటి ఇవ్వాలి. కొత్తవాళ్ళది తెల్ల చీటీ. తర్వాత ఆకుపచ్చ, ఎరుపు. ఇరవై ఐదు చుట్లు దాటితే వెండి, యాభై దాటితే బంగారం. నూరు నిండినవాడికి జరీ నేసిన చీటీ. ఈ యాత్రకి మూలపురుషుడైన దైషి గురువు ఈ రంగులన్నీ పెట్టమన్నాడో లేదో నాకు తెలియదు. అని ఉండడనే నా నమ్మకం. గురువుగారి సంగతి ఎలా ఉన్నా, జనానికి మాత్రం జరీ చీటీ అంటే ప్రాణం. అది జేబులో ఉంటే అపమృత్యువు ఉండదని గుడి పెట్టెల్లో మోచేతుల దాకా దూర్చి వెతుకుతారు. కుసునోసె కూడా పదకొండో చుట్టులో, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, పెట్టె తిరగేసి ఒకటి పట్టాడు. ఎవరిదో తెలియని ఆ జరీ ముక్క ఇరవై ఏళ్ళుగా ఆయన పర్సులో డ్రైవింగ్ లైసెన్సు వెనకే ఉంది.

ఇప్పుడు సొంత జరీ రోజులొచ్చాయి. నూరో చుట్టు మొదలుపెట్టకముందే తన పేరు మీద రెండు వందలు చేయించి బీరువాలో పెట్టాడు.

"బిడ్డ పుట్టకముందే కుల్లాయి కుట్టించారన్నమాట" అంది భార్య మిత్సుయే.

"నీ నోట్లోంచి ఒక్క మంచి మాట రాదు కదా!"

"వస్తుంది. మీరు ఇంట్లో ఉన్నప్పుడు."

ఇరవై ఒకటో తారీఖు గురువుగారి రోజు. ఆ రోజు మధ్యాహ్నం ఆఖరి గుడి వాకిట్లో నూరో చుట్టు ముగియాలి. సంఘం కార్యదర్శి తకెమురా దండా, పత్రికాయన్నీ, భోజనాలూ అన్నీ కుదిర్చి పెట్టాడు. కుసునోసె బస్సు డ్రైవరు కదా, ఏ గుడికి ఏ రోజు ఎన్నింటికి చేరాలో కాగితం మీద గీతలు గీసుకుని బయల్దేరాడు. సగం దాకా గీత తప్పలేదు.

సముద్రంలోకి చొచ్చుకుపోయిన నేల కొన మీది గుడికి వెళ్ళాల్సిన రోజు వచ్చింది. కొన దాకా సముద్రం పక్కనే సాగే దారి అది. నడిచేవాళ్ళకి మూడు రోజులు, కారుకి ఒక గంట. పొద్దున ఎనిమిదిన్నరకి దారి మొదట్లో ఉన్న యాత్రికుల పాక దగ్గర కారు ఆపాడు. ఆపాల్సిన పనేమీ లేదు. బెంచీ మీద ఒక ముసలాయన కూర్చుని మేజోళ్ళు ఆరబెట్టుకుంటున్నాడు. తన గొప్ప చూపించుకోవడానికి ఒక మనిషి దొరికాడు, అంతే.

"ఎందాకా పెద్దాయనా?"

"కాళ్ళు ఒప్పుకున్నందాకా." డెబ్బై ఎనిమిదేళ్ళుంటాయి. ఉత్తరాది యాస. "ఒయికావా అంటారు. ఇవాతె నుంచి వచ్చాను. ఇదే మొదటిసారి."

"నాకిది నూరోది" అన్నాడు కుసునోసె. ఎవరూ అడగలేదు. కారులోంచి పంపరపనస పండు తెచ్చి ఇచ్చాడు. దానితో పాటు బంగారు చీటీ. అది చాలదన్నట్టు గుడిగుడికీ ముద్ర కొట్టించుకునే పుస్తకం కూడా తెచ్చి చూపించాడు. ప్రతి చుట్టుకీ అదే పేజీ మీద మళ్ళీ ఎర్రముద్ర కొట్టించుకోవడంతో కాగితం అంతా కుంకుమ తొట్టిలో ముంచినట్టుంది. ఏ గుడి పేరూ చదవడానికి లేదు.

"అబ్బో! బాగా బరువుగా ఉంది" అన్నాడు ఒయికావా, రెండు చేతులతో పట్టుకుని. మనసులో మాటే అన్నాడు, ఎగతాళి లేదు. తన తెల్ల చీటీ మీద జాగ్రత్తగా పేరు రాసి ఇచ్చాడు.

"ఎక్కండి, కొన దాకా దింపుతాను."

"వద్దు తమ్ముడూ. మా ఆవిడతో నడుస్తానని మాటిచ్చాను. ఆవిడ ఇప్పుడు ఈ సంచిలో ఫోటోగా ఉంది. కారెక్కితే ఊరుకోదు."

కుసునోసెకి కాస్త చురుక్కుమంది. బంగారు చీటీవాడు ఎక్కమంటే తెల్ల చీటీవాడు వద్దంటాడా? "మీ ఇష్టం" అని లేచి వచ్చేశాడు. ఎర్రగా తడిసిన ఆ పుస్తకం బెంచీ మీదే ఉండిపోయింది.

బ్రేకులు కీచుమంటున్నాయని ఊళ్ళోకి వెనక్కి వెళ్ళి మెకానిక్ దగ్గర కూర్చున్నాడు. మధ్యాహ్నం వాన మొదలైంది. రెండు దాటాక బయల్దేరి మూడింటికి కొన చేరాడు. దారిలో ఒయికావా కనపడలేదు, ఆ వేళకి ఇసుకలోంచి పోయే కాలిబాటలో ఉండి ఉంటాడు. గుడి మెట్ల దగ్గర సంచీ తెరిస్తే పుస్తకం లేదు. ఇంటికి ఫోన్ చేశాడు.

"ఇక్కడెందుకుంటుందండీ? పొద్దున మీరే చంకలో పెట్టుకుపోయారు" అంది మిత్సుయే.

"అయితే పాకలో ఉండాలి. వెళ్ళి రావాలి. ఐదింటికి ముద్రల గది మూసేస్తారు!"

"మూసేస్తే మూసేస్తారు. పొద్దున్నే మళ్ళీ తీస్తారుగా?"

"నీకేం తెలుసు!" అని ఫోన్ పెట్టేశాడు. ఇవాళ ముద్ర పడకపోతే ఇరవై ఒకటి ఇరవై రెండవుతుంది. దండ వాడిపోతుంది.

మూడూ నలభై. వానలో వైపర్లు కొట్టుకుంటున్నాయి. రోడ్డు పక్క ఇనపకమ్మీ మీద యాత్రికుల తెల్లకోటు వేసుకున్న మనిషి ఒకడు వంగి కూర్చుని ఉన్నాడు. కారు దగ్గరకి వచ్చేసరికి ఒక చెయ్యి పైకెత్తాడు. ఆ చేతిలో ఏదో నీలం మూట ఉంది. కుసునోసె మనిషిని గుర్తుపట్టాడు. ముసలాయన మొహం పాలిపోయి ఉండటం కూడా చూశాడు. అద్దంలో మొహం ఒక్క క్షణమే ఉంటుంది గానీ, ముప్ఫై ఐదేళ్ళు బస్సు నడిపినవాడి కళ్ళకి ఒక్క క్షణం చాలు.

ఇక్కడివాళ్ళకి తప్ప ఇంకెవరికీ తోచని సాకు ఒకటి వెంటనే దొరికింది. నడక మొక్కు ఉన్నవాణ్ణి కారెక్కించడం పాపం అంటాం మేం. మొక్కు చెడగొట్టినట్టవుతుంది. పొద్దున వద్దన్నాడు కదా? ఇప్పుడు ఎక్కించుకుంటే ఆ పాపం నాది. దండం పెడుతున్నాడులే అనుకున్నాడు. కాలు బ్రేకు మీదికి పోయింది, గడియారం చూసి మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు.

పాక దగ్గర బెంచీ ఖాళీ. పక్క టీకొట్టు ఆవిడ చెప్పింది: "ఆ ముసలాయన పట్టుకెళ్ళాడు గదండీ! 'పాపం మర్చిపోయాడు, ఈ దారినే వెనక్కి వస్తాడు, ఎదురెళ్ళి ఇస్తాను' అంటూ ఉరుకులు పరుగుల మీద పోయాడు."

కుసునోసె కారు వెనక్కి తిప్పాడు. ఇప్పుడు ముసలాయన కావాలి. అద్దం దించి, తప్పిపోయిన కోడిని పిలిచినట్టు హారన్ కొట్టుకుంటూ వచ్చాడు. కమ్మీ మీద ఎవరూ లేరు. గుడి చేరేసరికి ఐదు దాటి పది నిమిషాలైంది. తలుపులు వేసి ఉన్నాయి.

ఆ కోపంలో తిన్నగా పోలీసు చౌకీకి వెళ్ళాడు. టీకొట్టు ఆవిడ చెప్పిన మాట చెవుల్లోనే ఉంది. అయినా, దొంగతనమంటే గానీ వీళ్ళు కదలరని, "దొంగిలించాడు. పేరు ఒయికావా. ఇవాతె" అని తెల్ల చీటీ బల్ల మీద పెట్టి రాసిచ్చాడు.

ఆ ఫిర్యాదు వల్లే వెతికారు. మర్నాడు పొద్దున ఎనిమిదింటికి దొరికాడు. కమ్మీ అవతల, మెట్లు దిగితే కొండనీళ్ళు గొట్టంలోంచి కారే చోట, ఖాళీ సీసా పట్టుకుని పడి ఉన్నాడు. గుండె అన్నాడు డాక్టరు. నాలుగుంపావు, నాలుగున్నర మధ్యలో ప్రాణం పోయి ఉంటుందట. "గంట సేపైనా బాధపడి ఉంటాడు. ఎవరైనా చూసి ఉంటే ఆస్పత్రికి అందేవాడు" అన్నాడు.

"ఆ టైములో ఎవరూ అటు పోలేదనుకుంటా" అన్నాడు పోలీసు, మామూలుగానే.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు కుసునోసె పర్సు తడుముకున్నాడు. ఎందుకు తడుముకున్నాడో ఆయనకే తెలియదు. జరీ ముక్క అక్కడే ఉంది.

ముసలాయన్ని చూపించి గుర్తుపట్టమన్నారు. తెల్లకోటులోనే ఉన్నాడు. యాత్రికుడి తెల్లకోటు అంటే చావుకి ముందే కట్టుకున్న కాటిబట్ట అనీ, చేతికర్ర పాతితే అదే సమాధిరాయి అనీ బస్సులో మైకు పట్టుకుని కొన్ని వేల మందికి చెప్పి ఉంటాడు కుసునోసె. చెప్పినప్పుడల్లా ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకునేవాళ్ళు. ఇప్పుడు ఈయనే అన్నట్టు తలూపి బయటికి వచ్చేశాడు.

పోలీసు మంచివాడు. ఫిర్యాదు కాగితం మడిచి చించేశాడు. "ఇది మర్చిపోదాం యాత్రాపెద్ద గారూ. టీకొట్టు ఆవిడ చెప్పింది, పాపం, మీ పుస్తకాన్ని మీకోసమే మోశాడు."

మర్నాటికి ఇవాతె నుంచి ఒయికావా కూతురు మినకో వచ్చింది. నలభై ఐదేళ్ళ మనిషి, స్కూల్లో వంట చేస్తుంది. తకెమురా కూడా పరుగెత్తుకొచ్చాడు. వచ్చేముందే కథ అల్లేసుకున్నాడు.

"అన్నా, ఇది మామూలు సంగతి కాదు! నూరో చుట్టులో పుస్తకం పోవడమేంటి, ఒక యాత్రికుడు ప్రాణం పోయేదాకా మొయ్యడమేంటి? గురువుగారే ఆ రూపంలో వచ్చారు. ఇరవై ఒకటిన నువ్వీ మాట చెప్పావంటే జనం కాళ్ళ మీద పడతారు. రెండు రోజులు నిద్ర మానుకుని కారు తోలు, అందుకుంటావు."

నిజం చెప్పాలంటే కుసునోసెకి ఆ మాట తియ్యగానే అనిపించింది. శవం ఇంకా పక్క గదిలోనే ఉంది. ఆ మాట తను నమ్మడం మొదలుపెట్టినట్టు తనకే తెలుస్తోంది. మనిషి అహంకారం ఎంత ఆకలిగొన్నదో చూడండి, ఎదురుగా చావు ఉన్నా దానిలోంచి కూడా ఒక మెతుకు ఏరుకుంటుంది.

దహనం అయ్యాక చౌకీ ముందు బెంచీ మీద మినకో అస్థికల పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఆ రోజు మధ్యాహ్నం నాన్న దారిలో ఏదో కొట్టు నుంచి ఫోన్ చేశాడండీ. మీ గురించే మాట్లాడాడు. పండిచ్చారట. 'తొంభై తొమ్మిది సార్లు తిరిగినవాడమ్మా, పుస్తకం కనపడక ఎంత అల్లాడుతున్నాడో, చీకటి పడకముందే ఇచ్చెయ్యాలి' అన్నాడు. ఎప్పుడూ రోజుకి పదిహేను కిలోమీటర్లు దాటనివాడు ఆ రోజు ఇరవై దాటాడు." ఆమె ఆగి అడిగింది. "తర్వాత మళ్ళీ మీకు కనిపించాడా?"

"లేదమ్మా" అన్నాడు కుసునోసె.

"గురువుగారు అలా కనిపించి అలా మాయమవుతారమ్మా" అని తకెమురా అందుకున్నాడు.

మినకో వంగి దండం పెట్టింది. తర్వాత పోలీసులు తనకప్పగించిన తండ్రి సంచిలోంచి నీలం మూట తీసి రెండు చేతులతో ఆయన చేతుల్లో పెట్టింది. "నేను విప్పలేదండీ. నాన్న ఎలా చుట్టాడో అలాగే ఉంది."

అది వానకోటు. ముసలాయన తన ఒంటి మీది వానకోటు విప్పి పుస్తకానికి మూడు చుట్లు చుట్టి, మేజోళ్ళు ఆరేసుకునే తాడుతో కట్టాడు. కుసునోసె ముడి విప్పాడు. లోపల పుస్తకం పొడిగా ఉంది, ఒక్క పేజీకీ చెమ్మ తగల్లేదు. ముసలాయన్ని చూపించినప్పుడు ఆ తెల్లకోటు ఒంటికి అంటుకుపోయి ఉండటం ఆయనకి గుర్తొచ్చింది. కమ్మీ మీంచి పైకెత్తిన చెయ్యీ గుర్తొచ్చింది. పుస్తకం ఇద్దామని ఎత్తాడో, నన్ను కాపాడమని ఎత్తాడో ఇక ఎన్నడూ తెలియదు.

"చూశానమ్మా" అన్నాడు.

"ఏంటండీ?"

"మూడూ నలభైకి. కమ్మీ మీద కూర్చుని చెయ్యెత్తాడు. మొహం తెల్లబడి ఉంది. అదీ చూశాను."

తకెమురా భుజం పట్టుకున్నాడు. కుసునోసె ఆ చెయ్యి తీసేశాడు.

"ఆగలేదా?" అంది మినకో.

"ఆగలేదు. తర్వాత చౌకీకొచ్చి మీ నాన్న దొంగ అని రాసిచ్చాను."

"ఎందుకాగలేదు?"

ఇంతకన్నా పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండునని వెతికాడు. లేదు. "ఐదింటికి ముద్రల గది మూసేస్తారని."

మినకో ఏడవలేదు, తిట్టలేదు. పెట్టెకి గుడ్డ సరిచేసి లేచింది. తండ్రి చేతికర్ర తీసుకుని బస్టాపు వైపు నడిచిపోయింది. ఆమె వెనక్కి తిరిగి తిట్టి ఉంటే ఆ రాత్రయినా నిద్ర పట్టేదని తర్వాత మిత్సుయేతో అన్నాడాయన.

"ఎవరడిగారన్నా నిన్ను?" అన్నాడు తకెమురా. వాడికి నిజంగానే అర్థం కాలేదు.

"ఆ పిల్ల అడిగింది కదా" అన్నాడు కుసునోసె.

ఇరవై ఒకటిన పండగ జరగలేదు. ఊదా పట్టీ సంఘానికి పోస్టులో పంపించేశాడు. పర్సులోని జరీ ముక్కని తను తీసిన గుడికే తీసుకెళ్ళి, ఆ పెట్టెలోనే అడుగున పెట్టి వచ్చాడు. కొత్తవి రెండు వందలూ బీరువాలో సీలు విప్పకుండా ఉన్నాయి. నూరో చుట్టు సగంలోనే ఆగిపోయింది. కథ ఇక్కడ ఆపేస్తే ఆయనకి జ్ఞానోదయం అయిందని మీరు అనుకుంటారు. అంత తేలిగ్గా అయితే మా దీవి నిండా జ్ఞానులే ఉండేవాళ్ళు.

మరుసటి నెల నుంచి పాక దగ్గర కారు వదిలి, నీళ్ళ సీసాలూ పళ్ళూ వీపున వేసుకుని ఆ సముద్రం దారిలో నడవడం మొదలుపెట్టాడు. కూర్చున్న ప్రతి యాత్రికుడి దగ్గరా ఆగి, "ఒంట్లో ఎలా ఉంది?" అని అడిగేవాడు. ఊరికే సిగరెట్టు కాల్చుకుంటున్నవాళ్ళు విసుక్కునేవాళ్ళు. చిన్న నోటు పుస్తకంలో రాసుకునేవాడు: ఇవాళ ఏడుగురు, ఇవాళ పదకొండు మంది. ఒకరోజు అన్నం దగ్గర అది మిత్సుయే చేతికి దొరికింది.

"మూడు వందల పన్నెండు" అని చదివింది. "వెయ్యి నిండితే ఏ రంగు చీటీ ఇస్తారండీ?"

కుసునోసె తింటున్నవాడల్లా చాప్‌స్టిక్స్ కింద పెట్టేశాడు. మొహం ఎర్రబడింది.  లేచి ఆ నోటు పుస్తకాన్ని స్నానానికి నీళ్ళు కాచే పొయ్యిలో వేశాడు. తర్వాత ఒక నెల ఆ దారికే పోలేదు. పోవడానికి లోపల ఏమీ మిగల్లేదని గదిలో గోడ వైపు తిరిగి పడుకున్నాడు. లెక్క లేకపోతే తను ఎవరో ఆయనకే తెలియలేదు. అవి చాలా చెడ్డ రోజులు, మిత్సుయే వంటింటి కత్తులు దాచిపెట్టింది.

ఒక వానరోజున లేచి వెళ్ళాడు. ఎందుకు వెళ్ళాడంటే, వాన పడుతోందని. ఆ వానలో ఎవరో కమ్మీ మీద కూర్చుని ఉంటారని. అంతకన్నా కారణం లేదు, ఆ రోజు ఎవరూ కూర్చుని లేరు కూడా. సాయంత్రం దాకా నడిచి, తడిసి ఇంటికొచ్చి, వేడి అన్నం తిని పడుకున్నాడు. ఆ తర్వాత మళ్ళీ మానలేదు. ఇప్పుడు ఎంతమందికి నీళ్ళిచ్చావంటే చెప్పలేడు. ఎప్పుడైనా ఆ కమ్మీ దగ్గర్నుంచే మొదలుపెట్టి కొన దాకా నడిచినా గుడి చేరేసరికి ఐదు దాటే ఉంటుంది, దారిలో అందరి దగ్గరా ఆగుతాడు కాబట్టి. మూసిన తలుపుకే దండం పెట్టి వస్తాడు.

మూడో ఏడు వసంతంలో ఆ కమ్మీ దగ్గర తెల్లకోటు ఆడమనిషి ఒకామె నిలబడి ఉంది. గడ్డిటోపీ మొహానికి అడ్డంగా ఉంది. కుసునోసె రోజూలాగే పంపరపనస పండు తీసి ఇచ్చాడు. ఆమె అందుకుంది. టోపీ ఎత్తాక ఇద్దరూ గుర్తుపట్టారు. ఆమె చేతిలో ఉన్నది ఒయికావా కర్ర.

మినకో పండు సంచిలో వేసుకుని కమ్మీ మీద చెయ్యి వేసింది.

"ఇక్కడేనా?" అంది మినకో.

"ఇక్కడేనమ్మా."

"ఆ రోజు మీరు ఆగి ఉంటే ఏమనేవాడు?"

"'చూసుకో తమ్ముడూ, బాగా బరువుంది' అనేవాడు. తర్వాత ఆస్పత్రికి వెళ్ళేవాళ్ళం."

ఆమె కిందికి, గొట్టంలోంచి నీళ్ళు కారే చోటికి చూసింది. సంచిలోంచి ఒక తెల్ల చీటీ తీసి, కమ్మీ మీద పెట్టి పేరు రాసింది. కోరిక రాసే చోట ఏమీ రాయలేదు. ఆయన చేతికివ్వకుండా అక్కడే వదిలి, ఎగిరిపోకుండా ఒక రాయి పెట్టింది.

"ఇది క్షమించడం కాదండీ. పండు తీసుకున్నాను కాబట్టి ఇస్తున్నాను. ఆచారం."

"తెలుసమ్మా."

ఆమె గడియారం చూసుకుని గబగబా సంచీ భుజాన వేసుకుంది. కొనకి ఇంకా చాలా దూరం ఉంది. నాలుగడుగులు వేసిందో లేదో, కుసునోసె వెనక నుంచి కేక వేశాడు.

"మెల్లిగా వెళ్ళమ్మా! ఐదింటికి మూసేస్తే మూసేస్తారు. పొద్దున్నే మళ్ళీ తీస్తారు."